బడికి పోయి ఏం చూసి రావాలి?

(దళితవాడలో జరిగిన తల్లిదండ్రుల సభలో మా కార్యకర్తల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దంతా మిరప చేలో వంగి కోసి, చేతుల మంట చల్లారకముందే వచ్చి కూర్చున్నారు. అందుకని ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఒక్క సంగతే మాట్లాడి పోతాం. మన పిల్లలు బడికి పోతున్నారు. అక్కడ వాళ్లు ఎట్లా పెరుగుతున్నారో మనం చూస్తున్నామా? చూడాలంటే ఏం చూడాలి?

మేము ఏ పల్లెకు పోయినా తల్లుల్ని ఒక మాట అడుగుతాం. "మీవాడు బడిలో ఎట్లా ఉన్నాడమ్మా?" అని. "మాకేం తెలుసయ్యా, మేమేమన్నా చదువుకున్నోళ్లమా? సారునడగండి" అంటారు. కాస్త తెలిసినవాళ్లయితే "లెక్కల్లో నలభై వచ్చినయ్యంట" అంటారు. అక్కడికి మాట అయిపోతుంది. వాడికి బడిలో స్నేహితులున్నారా, ఎవరి పక్కన కూర్చుంటాడు, ఏడ్చాడా, నవ్వాడా అనేది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

మార్కులు చదవడానికి అక్షరం కావాలి. బిడ్డ మనసు చదవడానికి అక్షరం అక్కర్లేదు. మిరపాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని మీరు గట్టు మీద నుంచే చెప్తారు. గొడ్డు మేత ముట్టకపోతే దాని కళ్లు చూసి రోగం చెప్తారు. ఏ కాలేజీలో నేర్చుకున్నారు అదంతా? రోజూ చూసి నేర్చుకున్నారు. మరి కడుపున పుట్టిన బిడ్డ ముఖం ముడుచుకుంటే చెప్పలేరా? చెప్పగలరు. "నీకేం తెలియదు" అని తరతరాలుగా మనకు చెప్పారు గనక, తెలిసింది కూడా తెలియదనుకుంటున్నాం.

బడిలో రెండు చదువులు నడుస్తుంటాయి. ఒకటి పుస్తకంలోది. రెండోది ఏ పుస్తకంలోనూ ఉండదు. నేనెవర్ని, పక్కవాడెవడు, నలుగురిలో నా చోటెక్కడ అనేది ఆ రెండో చదువు. కొత్తవాళ్లతో కలవడం, తెలియనిది అడగడం, ఓడిపోతే తట్టుకోవడం, కోపమొస్తే చెయ్యి చేసుకోకుండా మాటతో చెప్పడం, పక్కవాడి బాధ కనిపెట్టడం, ఇవన్నీ అందులోని పాఠాలే. మొదటి గంట నుంచి చివరి గంట దాకా ఈ చదువు నడుస్తూనే ఉంటుంది. పెత్తందారు కొడుక్కి "నీ మాట చెల్లుతుందిరా" అనే పాఠం ఇంట్లోనే వస్తుంది. బడికొస్తే అదే పాఠం మళ్లీ చెప్తారు. మనవాడికి చెప్పే పాఠం వేరే. ఆ వేరే పాఠం ఏమిటో మనం పోయి చూడాలంటున్నాం.

బాబాసాహెబ్ సంగతి చూడండి. సతారా బడిలో ఆయన కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచే తెచ్చుకునేవాడు. దాహమైతే కుళాయి ముట్టకూడదు. ప్యూను తిప్పి పట్టుకుంటేనే నీళ్లు. ప్యూను రాని రోజున గొంతు ఎండాల్సిందే. ఇది ఆయనే రాసుకున్నాడు. తర్వాత బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలుకు పోయాడు. అది సర్కారు బడి, పెద్ద పట్నం. ఒకరోజు మాస్టరు లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిచాడు. అంతే, క్లాసంతా గోల. ఎందుకంటే మిగతా పిల్లల అన్నం డబ్బాలు ఆ బోర్డు వెనక ఉన్నాయి. ఈ పిల్లవాడు బోర్డు ముట్టుకుంటే అవి మైలపడతాయట! పరుగెత్తిపోయి డబ్బాలు పక్కకు లాగేసుకున్నారు. ఆ తర్వాతే ఆయన లెక్క చేశాడు. ఆయన జీవితచరిత్రలో ఉన్న సంగతిది.

ఆ రోజు ప్రోగ్రెస్ కార్డు రాస్తే "లెక్క సరిగ్గా చేశాడు" అని రాస్తారు. బోర్డు దాకా నడిచిన ఆ నాలుగడుగుల్లో ఆ పసివాడి గుండె ఎంత కొట్టుకుందో ఏ కార్డులో రాస్తారు?

ఆయన తండ్రి రాంజీ సక్పాల్‌ను కూడా తలుచుకోవాలి. బొంబాయిలో వాళ్లది ఒకటే గది. అందులోనే వంట, అందులోనే పడక. కొడుకును తొందరగా పడుకోబెట్టి, రాత్రి రెండు గంటల దాకా తాను మేలుకొని ఉండి, అప్పుడు కొడుకును చదువుకు లేపి, ఆ చోట తాను పడుకునేవాడు. బడిని మార్చే బలం ఆయనకు లేదు. కానీ నిన్ను చూస్తున్న మనిషి ఒకడున్నాడు అని కొడుక్కి తెలిసేట్టు చేశాడు. బడిలో ఎంత అవమానం జరిగినా ఆ పిల్లవాడు నిలబడ్డాడంటే అందులో ఆ తండ్రి మేలుకున్న రాత్రులు కూడా ఉన్నాయి.

"అది నూరేళ్ల కిందటి మాట. ఇప్పుడు ఎవరు గోనెపట్టా మీద కూర్చోబెడుతున్నారు?" అంటారు కొందరు. నిజమే. ఇప్పుడు బెంచీ ఒకటే, కుళాయి ఒకటే. ఊరికే మారలేదది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మలాంటి పెద్దలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే మన పిల్లల కోసం బడులు పెట్టి కొట్లాడితే మారింది. వాళ్లు మనకు బడి తలుపు తెరిపించారు. తలుపు లోపల ఏం జరుగుతోందో చూసే పని మనకు వదిలిపెట్టారు. ఏం చూడాలో అయిదు మాటల్లో చెప్తాం. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

ఒకటి, ఎక్కడ కూర్చుంటున్నారు? బెంచీ ఒకటే అయినా వరస ఒకటేనా? మన పిల్లలందరూ గోడ వారగా చివర చేరారా? "వాళ్లంతట వాళ్లే అక్కడ కూర్చుంటారండీ" అని సారు అనొచ్చు. ఎందుకు కూర్చుంటారు? ముందుకు పోతే ఎవరో ఏదో అంటారనే భయం వాళ్లలో ఉండబట్టి కదా! వారానికోసారి వరసలు మారిస్తే ఈ చిక్కు తీరుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. చాలామంది మంచి టీచర్లు చేస్తున్నదే.

రెండు, ఎవరితో తింటున్నారు? బడికి పోతే అన్నం గంట కొట్టే వేళకు పోండి. క్లాసులో దాచింది బంతిలో బయటపడుతుంది. బడిలో అన్నం వండి పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పింది. మన రాష్ట్రంలో 2003 నుంచి మధ్యాహ్న భోజనం మొదలైంది. వంట చేసే పనిలో దళితులకు, ఆదివాసులకు ముందు అవకాశం ఇవ్వాలని అదే కోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ తీర్పు మన ఆడవాళ్లకు జీతమిచ్చే తీర్పే కాదు, పిల్లలకు చదువు చెప్పే తీర్పు కూడా. మన పోలమ్మ వండిన అన్నం ఊరందరి పిల్లలూ ఒకే బంతిలో తింటే, ఆ రోజు మన పిల్ల నేర్చుకునే పాఠం ఏ వాచకంలోనూ లేదు. ఆ అన్నం వద్దని కొందరు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకుంటుంటే, అది చూస్తూ తినే మన పిల్ల కూడా ఒక పాఠం నేర్చుకుంటుంది. ఏ పాఠం నడుస్తుందో చూసి రండి.

మూడు, ఏ పని చెప్తున్నారు? బడి ఊడవడం తప్పు పని కాదు. వంతులవారీగా అందరూ ఊడిస్తే అది పని. మనవాళ్లే ఊడిస్తే అది కులం. ప్రార్థనలో పేపరు చదివేది ఎవరు? ఆగస్టు 15న ఉపన్యాసం చెప్పేది ఎవరు? క్లాసు లీడరు ఎవరు? దొడ్డి కడిగేది ఎవరు? ఈ నాలుగు పేర్లు తెలుసుకుంటే ఆ బడి సంగతి మీకు తెలిసినట్టే.

నాలుగు, ఏమని పిలుస్తున్నారు? పేరు పెట్టి పిలుస్తున్నారా, వాడ పేరుతో పిలుస్తున్నారా? ఒంటి రంగుతో, తండ్రి చేసే పనితో వెక్కిరిస్తున్నారా? "ఎస్సీలంతా లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలు నింపాలి" అంటారు కొన్ని బడుల్లో. సారుకు అందులో తప్పేమీ కనిపించదు. లేచి నిలబడిన పదేళ్ల పిల్లకు వీపు మీద నలభై జతల కళ్లు గుచ్చుకుంటాయి. ఆ ఫారం ఒక్కొక్కరినీ విడిగా పిలిచి నింపలేరా? స్కాలర్‌షిప్ మన హక్కు. హక్కును తలవంచుకుని తీసుకునేట్టు చెయ్యకూడదు.

అయిదు, నోరు విప్పుతున్నారా? అన్నిటికన్నా ఇది పెద్దది. ఇంటి దగ్గర గలగలా మాట్లాడే పిల్ల బడిలో మూగదైందా? "చాలా బుద్ధిమంతురాలండీ, నోరెత్తదు" అని టీచరు మెచ్చుకుంటే మురిసిపోవద్దు. ఎందుకు నోరెత్తడం లేదో అడగండి.

నోరు విప్పితే ఏమవుతుందో ఒక పిల్ల చూపించింది. జోతిరావు ఫూలే, సావిత్రిబాయి 1848లో పూనాలో ఆడపిల్లలకు బడి పెట్టారు. తర్వాత అంటరాని కులాల పిల్లలకూ పెట్టారు. వాళ్ల దగ్గర ముక్తా సాల్వే అనే పిల్ల చదువుకుంది. మాంగ్ కులం ఆమెది. మాంగులంటే మరాఠీ దేశంలో మన మాదిగల వంటివాళ్లు. 1855లో, పద్నాలుగేళ్ల వయసులో, ఆ పిల్ల మాంగుల, మహర్ల దుఃఖం గురించి వ్యాసం రాసింది. కాన్పు వేళ తలదాచుకోను కప్పయినా లేని ఆడవాళ్ల గోస రాసింది. 'జ్ఞానోదయ' అనే పత్రికలో అది అచ్చయింది. అక్షరాలు నేర్పిన బళ్లు ఆ రోజుల్లో ఇంకా ఉన్నాయి. నీ బాధ నువ్వు చెప్పుకోవచ్చు, చెప్తే మేము వింటాం అన్న బడి గనకే ఆ పిల్ల రాయగలిగింది.

మన కాలానికే వద్దాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన గిరిజన కూలీల బిడ్డ. ఆ కొండ ఎక్కడానికి కండబలం ఒక్కటే చాలదు. "నీ వల్ల అవుతుంది" అని ఎవరో చెప్పాలి, అది పిల్ల నమ్మాలి. అట్లా చెప్పేవాళ్లు దొరికితే మన పిల్లలు ఎందాకా పోతారో లోకం చూసింది.

చెప్పేవాళ్లు లేకపోతే? హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. గుంటూరు బిడ్డ. చదువులో ఎవరికీ తీసిపోయినవాడు కాదు. హాస్టలు నుంచి వెలివేశాక చలిలో బయట పడుకున్న రోజులున్నాయి. చదువు ఒక్కటే మన పిల్లల్ని కాపాడుతుందనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి మరిచిపోకూడదు. చదువుతో పాటు తోడు కావాలి. కష్టం చెప్పుకునే చోటు కావాలి. ఆ అలవాటు యూనివర్సిటీలో మొదలు కాదు, ఒకటో తరగతిలోనే మొదలవ్వాలి.

ఇంటి దగ్గర కనిపెట్టాల్సినవి కూడా ఉన్నాయి. బడి వేళకే కడుపునొప్పి వస్తోందా? ఆదివారం రాని నొప్పి సోమవారం వస్తే అది కడుపులో నొప్పి కాకపోవచ్చు. పెద్ద పిల్లవాడు మళ్లీ పక్క తడుపుతున్నాడా? చెల్లెల్ని ఊరికే కొడుతున్నాడా? ఒంటరిగా కూర్చుంటున్నాడా? బడిలో ఎవరో వాడిని కొడుతున్నారేమో, ఎవరో చెయ్యకూడని పని చేస్తున్నారేమో. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టి ఊరుకోవద్దు. పక్కన పడుకోబెట్టుకుని మెల్లగా అడగండి. వెంటనే చెప్పరు. రెండో రాత్రికో, మూడో రాత్రికో చెప్తారు. చెప్పినప్పుడు "నువ్వేం చేశావురా ముందు?" అనొద్దు. అంటే ఇక ఆ నోరు మూసుకుపోతుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుంది, డబ్బులు పడవు. మనసు బాగాలేనివాళ్లకు 14416 ఉంది. గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకోండి.

హాస్టలు పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్తున్నాం. చూడటానికి వీలిచ్చిన రోజున కూర, పచ్చడి తీసుకుపోతారు, మంచిదే. పచ్చడి సీసా ఇచ్చి బస్సుకు టైమైందని పరుగెత్తకండి. చెట్టు కింద కూర్చోండి. పక్క మంచం ఎవరిది, పెట్టె తాళం ఉందా, పెద్దపిల్లలు బట్టలుతికిస్తున్నారా, జ్వరమొస్తే ఎవరికి చెప్పుకుంటున్నావు అని అడగండి. బిడ్డతో పాటు బిడ్డ స్నేహితుణ్ణి కూడా పిలిచి ఒక ముద్ద పెట్టండి. మీ బిడ్డ చెప్పంది ఆ పిల్లవాడు చెప్తాడు.

ఇంకొక మాట, చేదుగా ఉంటుంది. మన పిల్లల్ని ఎవరు తక్కువ చేస్తున్నారో చూస్తూనే, మన పిల్లలు ఎవర్ని తక్కువ చేస్తున్నారో కూడా చూడాలి. మాలపిల్లలు ఒక గుంపు, మాదిగపిల్లలు ఒక గుంపుగా ఆడుకుంటున్నారా? రెల్లివాళ్ల పిల్లను, యానాదుల పిల్లను ఆటలోకి రానిస్తున్నారా? కాలు సరిగా లేని పిల్లవాణ్ణి వెక్కిరిస్తున్నారా? ఆడపిల్లను మాట మీద మాట రానియ్యకుండా చేస్తున్నారా? పైవాడు మనల్ని తొక్కితే అన్యాయం, మనం కిందవాణ్ణి తొక్కితే సరదానా? పక్కవాడి బాధ చూసి ఆగగలిగిన పిల్లవాడే రేపు మన ఉద్యమానికి పనికొచ్చేవాడు.

ఆడపిల్లల మాట. పెద్దమనిషి అయ్యాక చాలామంది గలగలలు ఆగిపోతాయి. బడిలో మరుగుదొడ్డికి గడియ లేకపోతే, నీళ్లు లేకపోతే, ఆ నాలుగు రోజులు ఇంట్లో ఉంటారు. నాలుగు రోజులు నాలుగు నెలలవుతాయి. ఆ తర్వాత సంబంధాలు వెతకడమే! బడికి పోయినప్పుడు తల్లులు ఆ గడియ వేసి చూడండి. అదీ చదువే.

"మేము పోయి అడిగితే ఎవరు చెప్తారు?" అంటారు. చట్టం మీ చేతిలో ఉంది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 17వ సెక్షను ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. 24వ సెక్షను ప్రకారం టీచర్లు తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే తీరు, ప్రగతి చెప్పాలి. పిల్లలు భయం, ఆందోళన లేకుండా ఉండాలని, తమ మాట స్వేచ్ఛగా చెప్పాలని 29వ సెక్షను అంటుంది. 21వ సెక్షను ప్రకారం సర్కారు బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లు. వెనక్కి నెట్టబడ్డ కులాల తల్లిదండ్రులకు వాళ్ల లెక్కకు తగ్గ చోటు ఉండాలి. మీ బడి కమిటీలో మనవాళ్లు ఎవరున్నారో మీకు తెలుసా? సంతకాలకు మాత్రం పిలుస్తున్నారేమో కనుక్కోండి. ప్రోగ్రెస్ కార్డులో మార్కులతో పాటు బిడ్డ మనసు ఎదుగుదల కూడా ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా ఒప్పుకుంది.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. పండగలాగా జరిపారు. మంచిదే. కానీ పండగనాడు అందరి ఇళ్లూ అలికే ఉంటాయి. అలకని రోజున కూడా పోవాలి. చెప్పకుండా పోవాలి.

పోయేటప్పుడు ఒక్కరు పోవద్దు. అయిదుగురు కలిసి పోండి, అందులో ముగ్గురు ఆడవాళ్లుండాలి. కూలి పోతుందంటారా? వాడలో వంతులు వేసుకోండి. నెలకు అయిదుగురు పోతే ఏడాదికి అరవైమంది పోయినట్టు. ఒక్కొక్కరికీ పోయేది ఒక పూట కూలి. గుమ్మం బయట చేతులు కట్టుకు నిలబడొద్దు. కుర్చీ అడిగి కూర్చోండి. కుర్చీలో కూర్చున్న తల్లిని చూస్తే క్లాసులో ఉన్న బిడ్డ వీపు నిటారవుతుంది. టీచరుతో పోట్లాటకు పోవద్దు. బాగా చూసే టీచరును నలుగురిలో బాగా చూస్తున్నారని చెప్పండి, వాళ్లకూ బలం కావాలి. తప్పు చేసేవాళ్లను ముందు అడగండి, తర్వాత కాగితం మీద రాసివ్వండి. కులం పేరు పెట్టి నలుగురిలో తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉందని గుర్తుచెయ్యండి. రాయడానికి మేమున్నాం.

చివరికి ఇంటి సంగతి. "మనకెందుకురా, తలొంచుకు పోరా" అని పెద్దలు పిల్లలకు చెప్పేది ప్రేమతోనే, ప్రాణభయంతోనే. ఏ దెబ్బ ఎటు నుంచి వస్తుందోనని చెప్పారు. ఆ భయం వెనక పెద్ద చరిత్ర ఉంది, దాన్ని మేము ఎగతాళి చెయ్యం. కానీ తల వంచడం నేర్పిన బిడ్డకు ప్రశ్న వెయ్యడం బడి నేర్పలేదు. రేపు సాయంత్రం మీ పిల్లలు బడి నుంచి రాగానే "ఎన్ని మార్కులొచ్చినయ్?" అనకండి. "ఇయ్యాల బడిలో ఎవరితో ఆడుకున్నావు? ఎవరన్నా ఏమన్నా అన్నారా? నువ్వేం అడిగావు?" అనండి. పొయ్యి ముట్టిస్తూనే వినండి. వింటున్నారని తెలిస్తే వాళ్లే చెప్తారు.

వచ్చే సోమవారం అన్నం గంటకు బడికి పోయే అయిదుగురు ఎవరు? ఇప్పుడే చేతులెత్తండి. పేర్లు రాసుకునే పోతాం.

జై భీమ్!